వేయించిన ఇసుక

నా భయాలకి మా ఇంట్లో ఎప్పుడూ విలువ లేదు. ఉరుము ఉరిమితే చెవులు మూసుకుంటాను. గ్యాస్ పొయ్యి వెలిగించేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకుంటాను. పిల్ల మెట్లు దిగుతుంటే అది కిందికి చేరేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడతాను. మా అత్తగారు నాకు పెట్టిన పేరు పిరికిగొడ్డు. ముద్దుగానే పెట్టారు కానీ, పేరన్నాక అంటుకుపోతుంది. అందుకే ఆ వానాకాలం నాకు నిజమైన భయం వచ్చినప్పుడు, ఇది నిజమైనదని చెప్పడానికి నా దగ్గర వేరే మాట మిగల్లేదు.

మాది అద్దె ఇల్లు. కింద ఒక గది, వంటిల్లు, పైన ఇంకో గది, అంతే. కింది గదిలో కిటికీ పక్కన అత్తగారి మంచం. తుంటి విరిగినప్పటి నుంచీ ఆవిడ మంచం దిగలేదు, అక్కడి నుంచే వీధినంతా ఏలుతూ ఉండేవారు. మా అమ్మాయి ఆవిడ పక్కలోనే పడుకునేది. మంచానికి ఎదురుగా నా కుట్టు మిషను. వీటన్నిటికీ పైకప్పు అంటే రెండు పాత చెక్క దూలాలు, వాటి మీద పరిచిన ఇటుకలు, కిందివైపు సున్నం పూత, పైవైపు గచ్చు. మా కప్పే పైగదికి నేల.

మా ఆయన రేకు పని చేస్తారు. పెద్ద భవనాల్లో చల్లగాలి తిరిగే రేకు గొట్టాలుంటాయే, అవి చేసి బిగించే పని. ఆ ఏడు వానలు మొదలవుతూనే ఆయన పనిచేసే షెడ్డు మూసేశారు. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేదు. మొదట్లో ఆయన ఇంట్లో తలుపుల బందులన్నీ సరిచేశారు. కుళాయిలు, నా మిషను, అత్తగారి మంచం కోళ్ళు, అన్నీ అయిపోయాయి. ఇంక సరిచేయడానికి ఏమీ దొరక్క మెట్ల మీద కూర్చునేవారు. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. పనిచేస్తున్నంతసేపూ ఈల వేసే మనిషి ఈల మానేశారు. నాకు పిడుగు కన్నా ఆ మౌనమే ఎక్కువ భయం వేసింది.

ఆ మౌనాన్ని వదలగొట్టింది వైరు. షెడ్డులో కరెంటు పని చేసే కుర్రవాడు, మెడలో ఎప్పుడూ ఓ వైరు చుట్ట వేలాడుతుంటుంది కాబట్టి ఊరంతా అతన్ని వైరు అనే అంటుంది. ఓ రోజు వానలో తడుస్తూ వచ్చి, అత్తగారి మంచం కింద ఎన్నాళ్ళుగానో పడి ఉన్న రెండు పెద్ద స్పీకర్లు బయటికి లాగాడు. మూసేసిన సినిమా హాల్లో గొట్టాలు విప్పడానికి వెళ్ళినప్పుడు, చెత్తలో వేయబోతుంటే మా ఆయన అడిగి తెచ్చుకున్నవి. ఒక్కొక్కటీ ఇద్దరు కూర్చుని భోంచేసే పళ్ళెమంత.

"అన్నా, వీటికి పెట్టెలు చెయ్యకూడదూ? పాట పెడితే నేల కదలాలి," అన్నాడు.

"చెక్క ఎక్కడుంది?" అన్నారు ఈయన.

"చెక్కతో అందరూ చేస్తారు. నువ్వు ఇనపరేకుతో చెయ్యి. అలాంటిది ఈ చుట్టుపక్కల ఎవరింట్లో ఉంది?"

మా ఆయన స్పీకరు నల్లటి కాగితం మీద వేలితో మెల్లిగా తట్టారు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్ళు ఒక వస్తువు మీద నిలబడటం చూశాను. నేను వైరుకి రెండోసారి టీ ఇచ్చాను.

కింద వాకిట్లోకి నీళ్ళు వస్తుంటాయి కాబట్టి పని పైగదిలో పెట్టుకున్నారు. షెడ్డు వాళ్ళని అడిగి మందపాటి రేకు తెచ్చారు. కొలిచి, కోసి, అంచులు వంచి, వెల్డింగు చేస్తూ పొద్దంతా పైనే ఉండేవారు. మంచం వేసే చోటు కూడా లేకపోవడంతో నేను వంటింట్లో పక్క వేసుకున్నాను, ఆయన పైన చాప మీద పడుకునేవారు. పెట్టెలో ఎక్కడా గాలి లీకవకూడదట. అతుకుల మీద సబ్బునీళ్ళు రాసి, లోపలికి గాలి కొట్టి, బుడగ లేచిన చోటల్లా మళ్ళీ అతికేవారు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే, "ఇంకొక్క బుడగ," అనేవారు. ఈల మళ్ళీ మొదలైంది.

మొదటి పెట్టె పూర్తయిన రోజు వైరు దాని మీద వేలి ఎముకతో కొట్టాడు. అది గంటలా ఖంగుమని మోగి, మోగుతూనే ఉంది.

"చూశావా, పాట పెడితే స్పీకరుతో పాటు పెట్టె కూడా పాడుతుంది. దీని నోరు నొక్కాలి," అన్నాడు వైరు. "దీని చుట్టూ ఇంకో పెట్టె చెయ్యి. రెండు రేకుల మధ్యా రెండు వేళ్ళ సందు వదిలి, ఆ సందునిండా ఇసక పొయ్యి. అప్పుడు మాట్లాడితే అడుగు."

"తడి ఇసక పోస్తే లోపల తుప్పు పట్టదూ?"

"ఎండబెట్టి పొయ్యి."

"వానాకాలంలో ఎండ నీ మెడలోంచి తెస్తావా?" అన్నారు అత్తగారు కింద నుంచి. ఆవిడ చెవులు వీధి చివరి మాట కూడా వినగలవు.

ఎండ లేకపోతే పొయ్యి ఉంది కదా. మర్నాడు నా వంటింట్లోకి ఇసుక బస్తాలు వచ్చాయి. అత్తగారి హయాం నుంచీ వస్తున్న పెద్ద ఇనప మూకుట్లో ఇసుక పోసి, ఆవిర్లు పోయేదాకా వేయించడం నా పని. మొదట పొగలాంటి ఆవిరి, తర్వాత మట్టి వాసన, ఆ తర్వాత గరిటెకి అంటకుండా గలగలా జారే తెల్లటి ఇసుక. చల్లారాక ఆయన బకెట్లో ఎత్తుకుని పైకి తీసుకెళ్ళేవారు.

"ఇవాళ కూర ఏమిటే?" అనేవారు అత్తగారు.

"ఇసక వేపుడు అత్తయ్యా."

"ఉప్పు సరిపోయిందో లేదో చూసుకో. వాడికి ఉప్పు తక్కువైతే గొంతు దిగదు."

ముగ్గురం నవ్వేవాళ్ళం. ఎన్ని బకెట్లు పైకి వెళ్ళాయో నేను లెక్కపెట్టలేదు. పిరికిదాన్నని పేరున్నదాన్ని, లెక్కపెట్టాల్సినప్పుడు నవ్వుతూ కూర్చున్నాను.

ఇసుక నిండాక, పోసిన కన్నానికి మూత పెట్టి మర బిగిద్దామన్నాడు వైరు. మర వదులైతే పాటకి గలగలమంటుందని మా ఆయన ఆ కన్నం మీద రేకుముక్క పెట్టి వెల్డింగుతో మూసేశారు. ఆ తర్వాత ఆ పెట్టెని ఎవరూ కదపలేరు. గోడ వారగా, మూలలో ఎక్కడ నిలబెట్టి నింపారో అదే దాని చోటు. ఆ మూలకి సరిగ్గా కింద అత్తగారి తల దిండు.

మొదటిసారి పాట పెట్టిన సాయంత్రం వీధిలో పిల్లలంతా మా మెట్ల మీదకి చేరారు. నేను పెద్ద రొద వస్తుందని చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. రొద కాదు, చెవికి అసలు వినిపించనే లేదు. పాదాల్లోంచి లేచి కడుపులోకి వచ్చి కూర్చుంది. వంటింట్లో గ్లాసులు వాటంతటవే గుసగుసలాడుకున్నాయి.

"పక్కటెముకల్లో వినిపిస్తోందిరా," అని అత్తగారు కింద నుంచి అరిచారు. "కాస్త పెంచు. నడుం నొప్పికి బాగుంది."

మా ఆయన పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డారు. పెట్టె కదలడం లేదు, మోగడం లేదు, రాయిలా ఉంది. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. షెడ్డు మూసేసిన రోజున పోయిన మనిషి అప్పుడే ఇంటికి తిరిగొచ్చినట్టు ఉంది.

మర్నాడు నేను బడిపిల్లల యూనిఫారాలకి నల్ల గుడ్డ పరిచి కత్తిరిస్తున్నాను. గుడ్డ మీద తెల్లటి నలుసులు కనిపించాయి. దులిపాను. ఇంకో రెండు వరసలు కత్తిరించేసరికి మళ్ళీ ఉన్నాయి. వేళ్ళ మధ్య నలిపి చూస్తే సున్నం. తల ఎత్తి పైకి చూశాను. గోడలోకి దూలం వెళ్ళే చోటు నుంచి, అత్తగారి మంచం మీదుగా నా మిషను వైపుకి, సున్నం పూతలో సన్నగా ఓ పగులు.

ఎప్పటిదో పాతదే అయి ఉండొచ్చు. అలా అనుకుందామని చాలా ప్రయత్నించాను. అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు స్టూలు వేసుకుని ఎక్కి, మైదా జిగురుతో ఓ కాగితం ముక్కని పగులుకి అడ్డంగా అతికించాను. పగులు పెరిగితే కాగితం చిరుగుతుంది, పెరగకపోతే నాకు నిద్ర పడుతుంది. దిగుతుండగా అత్తగారు కళ్ళు తెరిచారు.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"బల్లి కన్నం మూస్తున్నాను అత్తయ్యా."

"బల్లులకి కాగితం చాలుతుందా?" అని ఆవిడ గోడవైపు తిరిగి పడుకున్నారు.

మూడో రోజుకి కాగితం మధ్యలోకి చిరిగింది.

ఆ సాయంత్రం ఆయన అన్నం తింటుండగా చెప్పాను. మాటలు ముందే కూర్చుకుని, వణుకు రాకుండా చెప్పాలనుకున్నాను. నోరు తెరిచేసరికి అన్నీ కలగాపులగం అయిపోయాయి. కప్పు, పగులు, కాగితం, అత్తయ్య తల అంటూ ఏదేదో అన్నాను.

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు. "పాత ఇల్లు. వానాకాలం. గోడలు నానితే సున్నం పగలదా? నీకు ప్రతిదీ భయమే."

"కాగితం చిరిగిందండీ."

"మైదా జిగురు ఆరితే లాగుతుంది. అందుకు చిరిగి ఉంటుంది."

సమాధానం చాలా తొందరగా వచ్చింది. ఎప్పుడూ ఆయన ఒక మాటకి అర నిమిషం ఆలోచిస్తారు. అది నాకు అప్పుడు తట్టలేదు. నా పేరే నాకు అడ్డం వచ్చింది. నిజమే, నీకు ప్రతిదీ భయమే కదా అని నన్ను నేనే మందలించుకున్నాను. ఆయన చేతులు కడుక్కుంటూ, "ఇంకమీదట పైగది నువ్వు ఊడవక్కర్లేదు. చాప కూడా నేనే చూసుకుంటాను. రేకు ముక్కలు గుచ్చుకుంటాయి," అన్నారు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ మనిషి చీపురు పడతానన్నారు. సంతోషించాను కూడా.

రెండో పెట్టె మొదలైంది. జత లేకపోతే పాట కుంటుతుందని వైరు అన్నాడు. నేను అతన్ని వాకిట్లో ఆపి, లోపలికి తీసుకెళ్ళి పగులు చూపించాను. అత్తగారికి వినపడకుండా సైగలతోనే చూపించాను. అతను చాలాసేపు చూశాడు. స్టూలెక్కి, దూలం గోడలోకి వెళ్ళే చోట గోరుతో గీకాడు. తడి పొడి రాలింది. దిగాక అతని ముఖంలో నవ్వు లేదు.

"దూలం బయటికి గట్టిగానే ఉంది వదినా. గోడ లోపల ఉన్న తల ఎలా ఉందో గోడకే తెలియాలి. నీళ్ళు పట్టిన గోడ."

"మీ అన్నతో చెప్పు. నేను చెబితే వినరు."

చెప్తానని పైకి వెళ్ళాడు. వాళ్ళ మాటల కోసం కింద చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. వెల్డింగు చిటపటలు ఆగాయి. ఏదో గొణుగుడు. మళ్ళీ చిటపటలు. వైరు దిగి వచ్చి నా వైపు చూడకుండా చెప్పులు వేసుకున్నాడు.

"చెప్పావా?"

"చెబుదామనే వెళ్ళాను వదినా. ఈల వేస్తున్నాడు. ఇంకో రోజు చెప్తాలే." వానలోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు రాలేదు.

అప్పటి నుంచి నా బతుకంతా తల పైకెత్తుకునే. కుడుతూ పైకి చూస్తాను, సూది వేలికి దిగుతుంది. ఆయన పైన అటూ ఇటూ నడిస్తే ఆ అడుగులు నా నెత్తి మీద వేస్తున్నట్టే ఉండేది. పిల్లని అక్కడి నుంచి ఎలా తప్పించాలా అని కొట్టుకుంటుంటే, అత్తగారే ఓ పొద్దున కసురుకున్నారు.

"ఈ పిల్ల నిద్రలో కాళ్ళతో తన్నేస్తోందే. నా తుంటి ఇంకోసారి విరగ్గొట్టేట్టుంది. నీ దగ్గర పడుకోబెట్టుకో."

"నేను తన్నలేదు నానమ్మా," అని పిల్ల ఏడుపు ముఖం పెట్టింది.

"తన్నావు. పొద్దున్నే అబద్ధాలాడకు. పగలు కూడా నా మంచం మీద ఎగరకు, వంటింట్లో కూర్చుని చదువుకో."

నేను పండగలా దాని పక్కబట్టలు వంటింట్లోకి చేరేశాను. ఇదే ఊపులో, "అత్తయ్యా, మీ మంచం కూడా అటు గోడకి జరుపుతాను, ఇక్కడ జల్లు కొడుతోంది," అన్నాను.

"నా కిటికీ దగ్గర నుంచి నన్ను కదిపితే ఊరుకోను. ఆ గోడకి నన్ను ఆనిస్తే నాకు కనిపించేది నీ మూకుడే కదా." ఎంత బతిమాలినా అంతే. మధ్యమధ్య పైకి చూసి, "నీ బల్లి కన్నం ఇంకా మూసుకోలేదేమే," అని వెక్కిరించేవారు కూడా. అప్పటికి నేను అక్కడ మూడో కాగితం అతికించి ఉన్నాను.

రెండో పెట్టెకి ఇసుక వచ్చిన రోజున, ఆయన బయటికి వెళ్ళింది చూసి, బస్తాల మూతులు విప్పి చూరు నీళ్ళ కింద పెట్టాను. పశ్చాత్తాపమేమీ లేదు, ఇవాళైనా అదే చేస్తాను. ఆయన తిరిగొచ్చి, ముద్దయిపోయిన ఇసుకని చూసి, నన్ను చూశారు. తిడతారనుకున్నాను. తిడితే గొడవ పెట్టుకుని అన్నీ కక్కేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆయన మూకుడు దించి, పొయ్యి వెలిగించి, తనే గరిటె పట్టుకుని కూర్చున్నారు. మర్నాడు, ఆ మర్నాడు కూడా అలాగే వేయించారు. ఈల లేదు. రెండో పెట్టె కూడా నిండింది, కన్నం మూసుకుపోయింది. కానీ దానికి స్పీకరు బిగించలేదు. పాట పెట్టలేదు.

"పాట పెట్టవేంరా? జత కావాలన్నావు," అని అత్తగారు అడిగారు.

"వాన తగ్గనీ అమ్మా," అన్నారు.

వాన తగ్గలేదు. ఆ వారం తెరిపి లేకుండా కురిసింది. పక్కింటికీ మాకూ మధ్య ఉమ్మడి గోడ ఒకటే, దూలం తల దిగింది అందులోకే. ఆ గోడ కింది నుంచి పైదాకా నల్లబడింది. ఓ మధ్యాహ్నం నేను బొత్తాలు కుడుతున్నాను. అత్తగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. కప్పులోంచి మూలుగు వినిపించింది. పెద్దది కాదు, మంచం మీద మనిషి పక్కకి ఒత్తిగిలినప్పుడు వచ్చేంత. వీధి తలుపు తీద్దామని వెళితే, పొద్దున్న సులువుగా మూసుకున్న తలుపు ఇప్పుడు చట్రంలో ఇరుక్కుపోయి రాలేదు. పైకి చూశాను. కాగితం చిరగలేదు, ఒక పక్క ఊడి వేలాడుతోంది. పగుల్లోకి నా చిటికెన వేలు దూరుతుంది.

అరవలేదు. అరుపుకి కూడా ఏదైనా కూలుతుందేమో అనిపించింది. మునివేళ్ళ మీద మెట్లెక్కాను. నా గుండె చప్పుడుకి నాకే భయం వేసింది.

ఆయన గదిలో అవతలి మూల గోడకి వీపు ఆనించి, మోకాళ్ళు చుట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎదురు మూలలో రెండు పెట్టెలూ నల్లగా నిలబడి ఉన్నాయి. చాప చుట్టి పక్కన పెట్టి ఉంది. గుమ్మంలో నన్ను చూసి ఆయన అరచెయ్యి ఎత్తారు.

"గట్టిగా అడుగు వెయ్యకు," అన్నారు.

చాప ఉండే చోట గచ్చు మీద పగులు. దాని పొడుగునా లప్పం చుక్కలు. గోడకి రంగు వేసే ముందు సందులు పూడ్చే తెల్లటి లప్పం ఉంటుంది కదా, అది బొట్లు బొట్లుగా పగులుకి అడ్డంగా పెట్టి ఉంది. మొదటి బొట్టు పాతబడి పసుపెక్కి, రెండుగా చీలి ఉంది. దాని పక్కన ఇంకోటి, అదీ చీలింది. దాని పక్కన ఇంకోటి. అలా గోడ దాకా ఉన్నాయి. చివరిది ఇంకా తడిగానే ఉంది, అది కూడా చీలింది.

ఆయన రోజూ పెట్టుకుంటూ వచ్చారు. నేను కింద కాగితాలు అతికించినన్నాళ్ళూ ఆయన పైన లప్పం పెడుతున్నారు.

"ముందు అమ్మని తియ్యాలి," అన్నారు.

ఇద్దరం గోడ వారగా దిగాం. ఇరుక్కున్న తలుపుని ఆయన భుజంతో తోసి తెరిచి, మంచం దగ్గరికి వచ్చి అత్తగారిని రెండు చేతుల మీద ఎత్తుకున్నారు. పిల్ల వంటింట్లోంచి పుస్తకం పట్టుకుని వచ్చింది.

"ఏరా, పెళ్ళికూతుర్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నావు," అన్నారు ఆవిడ. నేను పిల్ల మీదా ఆవిడ మీదా గొడుగు పట్టాను. ఎదురింటి వాళ్ళ అరుగు మీద ఆవిణ్ణి దించి, పిల్లని పక్కన కూర్చోబెట్టాం. పక్కింటి తలుపు కొట్టి, గోడవైపు గదిలో ఉండొద్దని చెప్పారు ఆయన. చంటిపిల్లతో ఈ వానలో ఎక్కడికి వెళ్ళమంటారని వాళ్ళు వాకిట్లోనే నిలబడిపోయారు.

"బరువు దింపాల్సిందే," అన్నారు ఆయన నాతో. "నువ్వు ఇక్కడే ఉండు."

"పెట్టెలు కదలవుగా. ఎలా దింపుతారు?"

"అడుగున కన్నం పెడితే ఇసక కారుతుంది."

"కారిన ఇసక ఎవరు తీస్తారు? అక్కడే నేల మీద పోగుపడితే దింపినట్టు ఎలా అవుతుంది?"

ఆయన నా వైపు చూశారు. వంటింట్లోంచి బేసిన్లు, మూకుడు, బకెట్లు తీసుకుని నేనే ముందు మెట్లెక్కాను. ధైర్యం కాదు. ఆయన ఒక్కరూ పైన ఉంటే కింద నిలబడి వినడం నా వల్ల కాదు, అంతే.

కరెంటు డ్రిల్లు అదురుతుందని చేత్తో తిప్పే పాతది తీశారు. పెట్టె ముందు బోర్లా పడుకుని, అడుగు అంచు దగ్గర మొన పెట్టి తిప్పడం మొదలుపెట్టారు. ఇనుము కొరికే కిర్రుమనే చప్పుడు పంటి కింద తగిలినట్టుంది. ఎంతసేపు తిప్పారో. నేను గోడకి అంటుకుని కూర్చుని కింద మూలుగు వస్తుందేమోనని వింటూ ఉన్నాను. చివరికి మొన లోపలికి జారింది. ఆయన దాన్ని వెనక్కి లాగారు. పొడిగా, తెల్లగా, సన్నటి దారంలా ఇసుక బయటికి వచ్చింది.

నేను వేయించిన ఇసుకే. చూడగానే గుర్తుపట్టాను.

బేసిను నిండగానే నేను ఇంకోటి పెట్టి, నిండిన దాన్ని గోడ వారగా పాకుతూ వెనక కిటికీ దాకా తీసుకెళ్ళి సందులోకి పోసేదాన్ని. నిలబడలేదు. మోకాళ్ళ మీదే. ఆయన ఇంకో కన్నం, ఇంకో కన్నం పెట్టారు. రెండు పెట్టెల నుంచీ ఇసుక కారుతోంది. గదిలో ఇంకే చప్పుడూ లేదు, బయట వాన, లోపల ఇసుక. నాకు చెమట, కన్నీళ్ళు, ముక్కు కలిసి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అని అడిగాను.

"మొదటి పెట్టె నింపిన మర్నాటి నుంచి."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

ఆయన కన్నంలో ఇరుక్కున్న రాయిముక్కని మేకుతో కదుపుతున్నారు. "నువ్వు భయపడతావని."

నాకు నవ్వాలో, ఆ బేసిను ఆయన నెత్తిన బోర్లించాలో తెలియలేదు. "తెలిసీ రెండోది ఎందుకు నింపారండీ?"

"ఆపితే మళ్ళీ మెట్ల మీద కూర్చోవాలి," అన్నారు. "రోజూ రేపు ఆపుదాం అనుకునేవాణ్ణి. లప్పం పగిలితే ఇంకోటి పెట్టేవాణ్ణి. ఈసారి పగలదులే అనుకునేవాణ్ణి."

అప్పుడు కింద ధబ్బుమని పెద్ద చప్పుడయింది. నేల మా కింద చిన్నగా ఊగి ఆగింది. ఇద్దరం బిగుసుకుపోయాం. ఆయన చెయ్యి నా చీలమండ పట్టుకుంది, నేనెక్కడికీ పోకుండా పట్టుకున్నారో, ఆయనకే పట్టు కావలసి వచ్చిందో. ఇసుక మాత్రం ఆగకుండా కారుతూనే ఉంది. నేల మళ్ళీ కదల్లేదు. కాసేపటికి నేను ఇంకో బేసిను పెట్టాను.

ఆఖరికి దారం సన్నబడి, గింజలు గింజలుగా రాలి, ఆగిపోయింది. ఆయన పెట్టె మీద గోటితో చిన్నగా కొట్టారు. అది మొదటి రోజులాగే ఖంగుమంది.

ఎదురింటివాళ్ళు కబురు పెడితే, సాయంత్రానికి వైరు మనుషుల్ని తీసుకొచ్చి, దూలం కింద మొద్దులు నిలబెట్టి ఊతం పెట్టించాడు. మొద్దులు నిలిచాకే నన్ను కింది గదిలోకి రానిచ్చారు. మంచం మీద, సరిగ్గా దిండు మీద, నేను ఒక్కదాన్నీ ఎత్తలేనంత సున్నం పెచ్చు పడి ఉంది. నా మూడో కాగితం దానికే అంటుకుని ఉంది. దిండు పగిలి దూది బయటికి వచ్చింది. ఆయన చూశారు, నేను చూశాను. ఆయన దిండు తీసి బయట పడేసి వచ్చి, గోడ పట్టుకుని వాంతి చేసుకున్నారు.

నేను ఎదురింటి అరుగు మీదకి వెళ్ళి అత్తగారి పక్కన కూలబడ్డాను. పిల్ల ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది. ఆవిడ నా జుట్టులోంచి ఇసుక దులుపుతూ కూర్చున్నారు.

"పడిందా?" అన్నారు.

"ఏమిటి అత్తయ్యా?"

"బల్లి కన్నం."

నేను ఆవిడ ముఖం చూశాను.

"వెల్లకిలా పడుకుని పొద్దస్తమానం పైకి చూసేది నేనే కదే. మీకంటే ముందు నేనే చూశాను."

"మరి మంచం జరుపుతానంటే వద్దన్నారేం?"

"నేను జరిగితే వాడు ఎందుకని అడుగుతాడు. చెబితే ఆపేస్తాడు. మళ్ళీ ఆ మెట్ల మీద కూర్చుంటాడు." ఆవిడ పిల్ల కాళ్ళ మీద చీర కొంగు కప్పారు. "ఈ పిల్ల పాపం ఎప్పుడూ తన్నలేదు. కుక్కపిల్లలా ముడుచుకుని పడుకుంటుంది."

నా గుండె ఆ మధ్యాహ్నమంతా కొట్టుకున్నదాని కన్నా గట్టిగా అప్పుడు కొట్టుకుంది. ఒక ఇంట్లో ముగ్గురం, ఒకే పగులుని రోజంతా చూస్తూ, ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ, దాని కింద అన్నం తిన్నాం, నవ్వాం, ఇసుక వేయించాం.

వానలు తగ్గాక ఇంటి యజమానులు దూలం మార్చారు. తీసిన దూలం తల పుట్టగొడుగులా మెత్తబడి, వేలితో గుచ్చితే దిగింది. పెట్టెల్ని ఆయన అక్కడే ముక్కలుగా కోసి కిందికి దించారు. ఆ రేకుతో నా మిషనుకి కొత్త పీట చేశారు. షెడ్డు మళ్ళీ తెరిచారు, ఆయన పనికి వెళుతున్నారు, ఈల వేస్తున్నారు. కొత్త దూలం ఏనుగుని మోస్తుందని వైరు అంటాడు. నాకు కప్పు భయం పోయింది.

కానీ ఆయన ఏ మాటకైనా తొందరగా బదులిచ్చిన రోజున, అంతా బాగానే ఉంది, నీకు ప్రతిదీ భయమే అన్న రోజున, ఆయన పనికి వెళ్ళగానే నేను పైకెళ్ళి చాప ఎత్తి చూస్తాను. నిన్న కూడా చూశాను. నేల శుభ్రంగా ఉంది. అయినా మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మూల నుంచి ఈ మూల దాకా చేత్తో తడుముతూ వచ్చాను.